ఇంగ్లీషు చదువుకున్న సంగతి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ చెల్లెళ్లు అడిగారు. "అక్కా, స్పోకెన్ ఇంగ్లీషు ఎలా వస్తుందో రాయండి" అని విషయం కూడా వాళ్లే చెప్పారు. చెల్లెళ్లూ, మాట్లాడడం గురించి రాసే అర్హత నాకు లేదు. నలుగురిలో లేచి నిలబడి ఇంగ్లీషులో మాట్లాడమంటే ఇప్పటికీ నాకు గొంతు తడారిపోతుంది. చదవడం గురించైతే రాస్తాను. ఆరో తరగతి నుంచి బి.ఏ. దాకా సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఉండి, తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. ఈ మధ్యలో నాకు వచ్చినదంతా చదవడం వల్ల వచ్చినదే.

మాది ఒంగోలు వైపు పల్లె. అమ్మ సీజనులో పొగాకు గ్రేడింగుకు, మిరపకోతలకు పోతుంది. నాయన కూలిపనికి పోతాడు, డప్పు కొడతాడు. అక్క తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అనేది మొదట వచ్చింది నాకే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో ఇంగ్లీషు వినపడే పిల్లలకు ఇచ్చే సలహాలు మనకు అన్నీ పనికిరావు. "ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి" అని పుస్తకాల్లో ఉంటుంది. ఎవరితో మాట్లాడాలి, గేదెతోనా?

ఎం.ఏ.లో మాకు ఇంగ్లీషు బోధన మీద ఒక పేపరు ఉంది. అందులో మైకేల్ వెస్ట్ అనే ఆయన పేరు వస్తుంది. బ్రిటిష్ కాలంలో బెంగాల్‌లో విద్యాశాఖలో పనిచేసి, ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన ఆంగ్లేయుడు. 1926లో ఆయన ద్విభాషా విద్య మీద ఒక పుస్తకం వేశాడు. అందులో నన్ను పట్టుకున్న మాట 'సరెండర్ వాల్యూ'. మన ఇళ్లల్లో ఎల్.ఐ.సి. పాలసీ కట్టినవాళ్లకు ఆ మాట తెలుసు. మధ్యలో పాలసీ ఆపేస్తే చేతికి ఎంత వస్తుంది అన్నదే సరెండర్ వాల్యూ. వెస్ట్ చదువు గురించి అదే ప్రశ్న అడిగాడు. బడిలో చేరిన పిల్లల్లో చాలామంది చివరిదాకా రారు, మధ్యలో ఆగిపోయిన పిల్లవాడు అప్పటిదాకా చదివిన ఇంగ్లీషులోంచి ఏం తీసుకుపోతున్నాడు అని. మాట్లాడడం కొంచెం వచ్చి ఆగిపోతే మిగిలేది చాలా తక్కువ, చదవడం కొంచెం వచ్చినా అది చేతిలో మిగులుతుంది, అందుకని బెంగాలీ పిల్లలకు ముందు చదవడం నేర్పాలి అన్నాడు.

తెల్లవాళ్ల ప్రభుత్వంలో ఉద్యోగం చేసినాయన మన పిల్లల గురించి చెప్పినదంతా నేను ఒప్పుకోను. మాట్లాడడం అక్కర్లేదు అంటే ఇంటర్వ్యూల్లో మన గతి ఏం కావాలి? కానీ ఆ సరెండర్ వాల్యూ అనే మాట చదివినప్పుడు నాకు మా అక్కే గుర్తుకొచ్చింది. తొమ్మిదిలో ఆగిపోయిన మా అక్క ఈరోజుకీ మాత్రల అట్ట మీద పేరు, ఎక్స్‌పైరీ తేదీ చదువుతుంది. మా వీధిలో ముసలివాళ్లంతా మందుల సంచి పట్టుకుని దాని దగ్గరికే వస్తారు.

నాకు మొదటి ఇంగ్లీషు మాటలు పాఠ్యపుస్తకంలోంచి రాలేదు. హాస్టల్ స్టోరు రూములోంచి వచ్చాయి. ఏడో తరగతిలో ఉన్నప్పుడు సరుకులు దించేటప్పుడు సాయానికి మమ్మల్ని పిలిచేవారు. పామోలిన్ ప్యాకెట్టు మీద 'నెట్ క్వాంటిటీ', బిస్కెట్ల మీద 'బెస్ట్ బిఫోర్', సబ్బు కవరు మీద 'ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ', దోమల బిళ్లల పెట్టె మీద 'మస్కిటో రిపెల్లెంట్'. ఒక్కో వస్తువు చేతిలో ఉంటుంది కాబట్టి దాని మీది మాటకు అర్థం ఎవరినీ అడగక్కర్లేదు. ఈ 'రిపెల్లెంట్' అనే మాటను గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

ఎన్ని మాటలు వస్తే ఇంగ్లీషు చదవగలం? ఈ ప్రశ్నకు లెక్కలు కట్టినవాళ్లు ఉన్నారు. ఆ వెస్ట్ 1953లో ఎక్కువగా వాడుకలో ఉండే సుమారు 2,000 మాటలతో ఒక జాబితా అచ్చువేశాడు. మామూలు పుస్తకం ఏది తీసుకున్నా అందులో నూటికి 80 మాటల దాకా ఆ జాబితాలోవే ఉంటాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువులో మాటల అర్థాలన్నిటినీ సుమారు 2,000 మాటలు మాత్రమే వాడి రాశారు. అంటే ఆ 2,000 వస్తే ఆ లావుపాటి పుస్తకం మొత్తం మీరు చదువుకోగలరు. ఇది తెలిసిన రోజున నాకు చాలా ధైర్యం వచ్చింది.

అయితే ఇంకో లెక్క కూడా ఉంది. న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్, ఆయనతో కలిసి పనిచేసిన ఒక పరిశోధకురాలు 2000లో ఒక పరీక్ష చేసి చూశారు. ఎవరి సాయమూ లేకుండా కథ అర్థం కావాలంటే అందులో నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని తేలింది. అంటే 50 మాటలకు ఒక్క కొత్త మాట. నూటికి 80 తెలిస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. అయిదు మాటలకు ఒకటి తెలియకపోతే అది చదవడం కాదు, గుంతల రోడ్డు మీద సైకిలు తొక్కడం. కాబట్టి పుస్తకం ఎంచుకునేటప్పుడు ఒక పేజీ తీసి లెక్కపెట్టండి. పేజీకి ఏడెనిమిది కొత్త మాటల కన్నా ఎక్కువ తగిలితే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టండి. అది చెడ్డ పుస్తకం కాదు, దాని వంతు ఇంకా రాలేదు, అంతే. పెద్ద పుస్తకం పట్టుకుని మొదటి పేజీలోనే దిగబడిపోయి "నాకు ఇంగ్లీషు రాదు" అనుకున్న పిల్లలను నేను మన హాస్టల్లోనే ఎందరినో చూశాను.

మాటల జాబితాలు బట్టీపట్టడం గురించి అడుగుతారు. నా రూములో ఉన్న ఒక అమ్మాయి రోజుకు 20 మాటలు ఎ నుంచి మొదలుపెట్టి బట్టీపట్టేది. పట్టుదల గల పిల్ల, బ్యాంకు పరీక్షకు చదివేది, ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. ఆమెను తప్పుపట్టను. కానీ జాబితాలో మాట ఒంటరిగా ఉంటుంది. దానికి ముందు ఎవరు నడుస్తారో, వెనక ఎవరు వస్తారో తెలియదు. నాకైతే మాట వాక్యంలో కనపడాలి, దానితోపాటు ఒక సంగతి ఉండాలి. లేకపోతే నిలవదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు మూసేసి అందరినీ ఇళ్లకు పంపారు. నా ట్రంకు పెట్టెలో ఉన్నవి రెండే. ఒకటి విజయవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకాల షాపులో కొన్న శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, అట్ట లేనిది. రెండోది ఒక సీనియర్ అక్క ఇచ్చిన జిరాక్సు కాగితాలు. అంబేడ్కర్ గారు రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అది ఆయన తన జీవితంలోని సంగతులు కొన్ని, ఇతరులకు జరిగినవి కొన్ని చెప్పిన చిన్న రచన. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఆయన రచనల సంపుటాల్లో 12వ దానిలో ఉంది, ఇంటర్నెట్టులో ఉచితంగా కూడా దొరుకుతుంది. మీకు ఇంగ్లీషులో మొదట చదవడానికి ఏదైనా ఒకటి చెప్పమంటే దానినే చెబుతాను. ఆయన పెద్ద పెద్ద గ్రంథాల్లోని ఇంగ్లీషు కాదు ఇది. చిన్న వాక్యాలు. మన ఇంటి పెద్దలు అరుగు మీద కూర్చుని చెప్పినట్టు ఉంటుంది.

మొదటి సంగతి 1901లో జరిగింది. వాళ్ల నాన్నగారు ఊరికి దూరంగా క్యాషియర్ ఉద్యోగం చేస్తున్నారు. సెలవులకు రమ్మంటే పిల్లలు కొత్త బట్టలు వేసుకుని సంబరంగా రైలెక్కి మసూర్ అనే స్టేషనులో దిగారు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు వచ్చి ఎవరు మీరని అడిగాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకునేలా, బండివాడు పక్కన నడిచేలా ఒప్పందం చేసుకున్నారు. ఆ రాత్రంతా వాళ్లకు తాగడానికి నీళ్లు పుట్టలేదు. చేతిలో తిండి ఉంది, నీళ్లు లేక తినలేకపోయారు.

ఈ నాలుగైదు పేజీలు చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఒక్కో మాటకు నిఘంటువు తిరగేసేదాన్ని. ఆ స్టేషన్ మాస్టరుకు కలిగిన భావం దగ్గర ఒక మాట వచ్చింది, 'రిపల్షన్'. నిఘంటువు తీయబోయి ఆగాను. రిపల్షన్, రిపెల్లెంట్. దోమల బిళ్లల పెట్టె! లాటిన్‌లో తోయడం అనే క్రియ నుంచి వచ్చిన మాటలివి అని తర్వాత తెలిసింది. లోపలి నుంచి బయటికి తోస్తే ఎక్స్‌పెల్, వెనక నుంచి బలవంతాన తోస్తే కంపెల్, దగ్గరికి రాకుండా తోస్తే రిపెల్. దోమను దగ్గరికి రానివ్వని మందుకు ఉన్న పేరే, కొత్త బట్టలు వేసుకున్న ఆ పిల్లలను చూసి ఒక చదువుకున్న ఉద్యోగికి కలిగిన భావానికి కూడా ఉంది. ఆ మాట నేను ఇక మరిచిపోవడం జరగదు.

ఆ కాగితాల్లో నాకు తెలియని మాటలు చాలా ఉన్నాయి గానీ తెలియని విషయం ఒక్కటీ లేదు. మా తాత చెప్పిన బావి సంగతులు అవే. అందుకే అర్థమైంది. తర్వాత ఎం.ఏ.లో దీనికి ఒక ఆధారం దొరికింది. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 64 మంది బడిపిల్లలతో బేస్‌బాల్ ఆట గురించిన కథ చదివించారు. బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కన్నా, చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలకే ఆ కథ ఎక్కువ అర్థమైంది. మనం క్రికెట్ అనుకుంటే సరిపోతుంది. కాబట్టి కోచింగ్ సెంటర్లలో చెప్పినట్టు ఇంగ్లీషు పత్రికలో మొదటిరోజే సంపాదకీయం మీద పడకండి. హాస్టలుకు తెలుగు పత్రిక వస్తుంది కదా. పొద్దున అందులో ఒక వార్త చదవండి. పొగాకు వేలం ధరలు కానివ్వండి, నిన్నటి మ్యాచ్ కానివ్వండి, మన జిల్లాలో వానలు కానివ్వండి. అదే వార్త ఇంగ్లీషు పత్రికలో వెతికి చదవండి. సంగతి ముందే తెలుసు కాబట్టి మాటలు వాటంతట అవే తెరుచుకుంటాయి. 'ఆక్షన్ ప్లాట్‌ఫారం' అంటే వేలం కేంద్రం అని నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు, మా ఊరి రైతులు రోజూ పోయే చోటు అది.

మాటను విడగొట్టి చూడడం గురించి కొంచెం చెప్పాలి. తెలుగులో న్యాయానికి ముందు 'అ' చేరిస్తే అన్యాయం అవుతుంది, ఇంగ్లీషులో జస్టిస్‌కు ముందు 'ఇన్' చేరిస్తే ఇన్‌జస్టిస్. ఇలా వందల మాటలు తేలిపోతాయి. రాజ్యాంగంలో 17వ అధికరణం అన్‌టచబిలిటీని రద్దు చేసింది. బి.ఏ. రాజనీతిశాస్త్రంలో ఆ మాట నోరు తిరగక పిల్లలు నవ్వుకునేవారు. విడగొట్టండి. టచ్ అంటే అంటడం. ఏబుల్ అంటే అలా చేయదగినది. ముందు అన్ వస్తే చేయరానిది. చివర ఇటీ వస్తే మన 'తనం'. మన భాషలో కూడా అంతే కదా, అంట, రాని, తనం. ఒక్కో ముక్కకు ఒక్కో ముక్క సరిపోతుంది, కాకపోతే వాళ్లు 'కాదు' అనేదాన్ని ముందు పెడతారు, మనం మధ్యలో పెడతాం. ఇంత పొడుగు మాటను ఒకసారి విప్పిన పిల్లకు రెస్పాన్సిబిలిటీ, ఎలిజిబిలిటీ ఏవీ భయపెట్టవు. ఎలిజిబిలిటీ ప్రతి నోటిఫికేషనులోనూ ఉంటుంది.

మన మాటలు కూడా ఇంగ్లీషులోకి పోయాయి. 'బ్యాండికూట్' అనే మాట మన పందికొక్కే. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎత్తుకుపోయి ఆస్ట్రేలియాలో ఉన్న వేరే జంతువుకు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. ఇది చెబితే క్లాసులో అందరూ నవ్వారు. ఇంకో మాట ఉంది, దానికి మాత్రం నవ్వు రాలేదు. ఇంగ్లీషు పత్రికలో అంతర్జాతీయ వార్తల్లో ఒక దేశాన్ని మిగిలిన దేశాలు దూరం పెట్టాయనడానికి 'పరాయా' అని రాశారు. పలకడం అటూ ఇటూగా ఉంటుంది. వెతికితే, తమిళంలో పఱై అంటే డప్పు, పఱై కొట్టేవాళ్ల కులం పేరు ఇంగ్లీషులోకి పోయి 'వెలివేసినవాడు' అనే అర్థంలో స్థిరపడింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయనకు చెప్పాను. డప్పును మంట సెగకు కాస్తున్నాడు.

"అయితే మన డప్పు ఇంగ్లీషోళ్ల దాకా పోయిందా అమ్మాయ్?"

"పోయింది నాయనా, తిట్టుగా పోయింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆళ్లకు వాయిద్యం పేరు తెలవక కాదులే" అన్నాడు. ఆ మాటను నా వ్యాసాల్లో ఎప్పుడూ వాడను. అర్థం మాత్రం తెలిసి ఉండాలి. మనల్ని ఏమంటున్నారో మనకు తెలియాలి కదా.

ఇక చిన్న మాటల సంగతి. కాంప్రహెన్షన్‌లో దెబ్బతీసేవి పెద్ద మాటలని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో పెద్ద మాటలు గౌరవంగా దూరంగా నిలబడి ఉంటాయి, వాటిని నిఘంటువులో పట్టుకోవచ్చు. అన్‌లెస్, ఎక్సెప్ట్, ప్రొవైడెడ్ దట్, సబ్జెక్ట్ టు, నాట్ లేటర్ దాన్, ఇవి కాలికింద పల్లేరుకాయలు. ప్రొవైడెడ్ అంటే 'ఇచ్చారు' అనుకుంటాం, చట్టాల్లో, నిబంధనల్లో అది 'అలా అయితేనే' అని.

2023లో మా అమ్మ వాళ్ల గ్రూపు ఆడవాళ్లు ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థలో అప్పు తీసుకున్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. 40,000 అని చెప్పారు, చేతికి అంత రాలేదు. ఎందుకు తగ్గిందో ఎవరికీ తెలియదు. అమ్మ సంతకం పెట్టిన కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నేను ఇంటికి పోయినప్పుడు బియ్యం డబ్బాలోంచి తీసి చూపించింది. 'ప్రిన్సిపల్' అని చదివితే, "కాలేజీ ప్రిన్సిపాల్ కాగితంలోకి ఎందుకొచ్చాడే?" అంది. కాలేజీ ఆయన కాదమ్మా, అసలు అని అర్థం. ఇంటరెస్ట్ అంటే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద పన్ను, ఇన్సూరెన్స్ ప్రీమియం. డబ్బు తగ్గింది అక్కడ. ఆ ఇన్సూరెన్సు గురించి తమకు ఎవరూ చెప్పలేదని గ్రూపులో ఆడవాళ్లంతా అన్నారు.

రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాల మీద 2022 మార్చిలో నిబంధనలు ఇచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమలు. ఏడాదికి 3 లక్షల దాకా ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులకు అవి వర్తిస్తాయి. ఆ కాగితం ఫోనులోకి దించుకుని రెండు రాత్రులు చదివాను. నేను చదివిన వాటిలో అంత కష్టపడి చదివినది మరొకటి లేదు, పరీక్షకు కూడా. అందులో మాటిమాటికీ వచ్చేది 'షల్'. బడిలో గ్రామరులో 'ఐ, వి' పక్కన షల్ వస్తుంది, మిగతావాటికి విల్ వస్తుంది అని చెప్పారు, అంతే. ఇక్కడ షల్ అంటే 'చేసి తీరాలి'. 'మే' అంటే 'చేయవచ్చు', చేయకపోనూ వచ్చు. అప్పు ఒప్పందం అప్పు తీసుకున్నవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి అన్నచోట షల్ ఉంది. ఇన్సూరెన్సు లాంటివి పూర్తి సమ్మతితోనే అంటగట్టాలి, దాని ఖర్చు లోను కార్డులో రాయాలి అన్నచోటా షల్ ఉంది. ముందుగా అప్పు తీర్చేస్తే జరిమానా వేయకూడదని కూడా ఉంది.

వాయిదా రోజున వసూలుకు వచ్చినతనికి ఆ పేజీ చూపించాను. "మేడం, మీరు లా చదువుతున్నారా?" అని అడిగాడు. ఎం.ఏ. ఇంగ్లీషు అని చెప్పాను. అతను మంచివాడే, జీతానికి పనిచేసేవాడు, పైవాళ్లకు చెబుతానన్నాడు. ఇన్సూరెన్సు డబ్బు వెనక్కి రాలేదు. మూడు వారాలకు తెలుగులో అచ్చువేసిన కార్డు మాత్రం గ్రూపులో పదిమందికీ వచ్చింది. మిరపకాయల డబ్బు రాగానే అమ్మ మిగిలిన అప్పు ఒకేసారి కట్టేసింది, జరిమానా అడగలేదు. "కాగితం చదివి పెట్టే పిల్ల" అని ఇప్పుడు పక్క వీధి నుంచి కూడా వస్తున్నారు. చదివిపెట్టినందుకు ఒకామె కోడిగుడ్లు తెచ్చి ఇచ్చింది.

పొడుగు వాక్యాల గురించి రెండు మాటలు. తెలుగులో క్రియ చివర వస్తుంది, అందుకని చివరిదాకా ఓపిక పట్టడం మనకు అలవాటే. ఇంగ్లీషులో కర్త మొదట వస్తుంది, దాని క్రియ ఎక్కడో మధ్యలో ఉంటుంది, ఆ రెంటి మధ్యలో 'హూ', 'విచ్', 'దట్' పట్టుకుని ఒక ఊరేగింపు నడుస్తుంది. మనం "నిన్న వచ్చిన అమ్మాయి" అంటాం, వాళ్లు "అమ్మాయి, ఎవరైతే నిన్న వచ్చిందో" అన్న వరసలో చెబుతారు. పెన్సిలు తీసుకుని ముందు కర్త కింద ఒక గీత, అసలు క్రియ కింద ఒక గీత గీయండి. ఊరేగింపును తర్వాత చూసుకోవచ్చు. సగం వాక్యాలు దీనితోనే లొంగుతాయి.

పరీక్షలకు సిద్ధమయ్యే చెల్లెళ్లకు: యు.జి.సి. నెట్ మొదటి పేపరులో 50 ప్రశ్నలకు 5 కాంప్రహెన్షన్ మీద వస్తాయి, ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు మార్కులు కోసుకోరు. గ్రూప్–1 మెయిన్స్‌లో ఇంగ్లీషు అర్హత పేపరు, అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లలో ఎన్ని వచ్చినా లెక్కలోకి రావు. ప్యాసేజీలో జవాబు ప్యాసేజీలోనే ఉండాలి. మీకు తెలిసిన నిజం వేరుగా ఉన్నా దాన్ని పరీక్ష గది బయట ఉంచండి. 'ఎక్సెప్ట్', 'నాట్' ఉన్న ప్రశ్నల కింద గీత గీసుకోండి.

ఫోను ఉంది కదా, కెమెరా పెడితే తెలుగులో వచ్చేస్తుంది కదా అంటారు. ఆసుపత్రి చీటీకి, అత్యవసరానికి వాడండి, నేనూ వాడతాను. నేర్చుకోవడానికి కూర్చున్నప్పుడు మాత్రం ముందు మీరు ఊహించండి, తర్వాత చూడండి. లేకపోతే నెల తర్వాత అదే మాట ఎదురైనప్పుడు మళ్లీ ఫోనునే అడగాలి. చార్జింగు ఉంటే చెబుతుంది.

అట్ట లేని ఆ శంకరనారాయణ నిఘంటువుకు గోధుమరంగు కాగితంతో అట్టవేసి మన హాస్టల్లోనే పెట్టి వచ్చాను. స్టడీ హాలులో కిటికీ కింద ఉన్న ట్రంకు పెట్టెలో ఉంది. దానితోపాటు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' జిరాక్సులు మూడు, తేలిక ఇంగ్లీషులోకి కుదించిన కథల పుస్తకాలు పదకొండు ఉన్నాయి. నిఘంటువులో ఏ మాట చూసినా దాని పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టండి. నా చుక్కలు ఎన్నో కనపడతాయి. మూడు చుక్కలు పడిన మాటను మీ నోటుబుక్కులో, మీకు కనపడిన వాక్యంతో సహా రాసుకోండి. 'రిలక్టెంట్' పక్కన ఇప్పటికి ఏడు చుక్కలు ఉన్నాయి, నాలుగు నావి, మూడు ఎవరివో. పెట్టె తాళంచెవి వంట చేసే అక్క దగ్గర ఉంటుంది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపల అడిగితే ఇస్తుంది.